రేపటి ముచ్చట ఇంగ్లీషులో రాసేటప్పుడు

తమ్ముడూ,

నీ ఇంగ్లీష్ కథ చదివా. అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజార్ సీన్ భలే కుదిరింది, ఆ బేరాలు ఇంకో పేజీ ఉన్నా చదివేవాణ్ణి. కానీ నీ పాత్రలు రేపటి గురించి నోరు తెరిస్తే చాలు విల్, విల్, విల్. ఫ్యూచర్ టెన్స్ అంటే విల్ అని స్కూల్లో బట్టీ పట్టించారు కదా, అక్కడే ఇరుక్కుపోతాం అందరం. అసలు ఇంగ్లీషులో 'గో'కి 'వెంట్' ఉన్నట్టు రేపటి కోసం విడిగా ఒక రూపమే లేదు, ఉన్నవాటితోనే రకరకాలుగా నెట్టుకొస్తారు.

మూడో పేజీలో ఆ అమ్మాయి వాళ్లమ్మతో "ఐ విల్ మీట్ రవి టుమారో" అంటుంది. కానీ వాళ్లిద్దరూ టైమూ, అమీర్‌పేట మెట్రో స్టేషనూ ముందే అనుకున్నారు కదా? మరి "ఐ యామ్ మీటింగ్ రవి టుమారో" అనాలి, అవతలి మనిషితో మాట అయిపోయిందని అందులోనే తెలిసిపోతుంది. విల్ పెడితే అమ్మ ముందు నిలబడి అప్పటికప్పుడు డిసైడైనట్టు ఉంది. అదే "ఐ యామ్ గోయింగ్ టు మీట్ రవి" అంటే తను గట్టిగా అనుకుంది, రవికి చెప్పిందో లేదో మనకి తెలీదు. పొద్దున "గోయింగ్ టు" అన్న పిల్ల సాయంత్రానికి "యామ్ మీటింగ్" అందనుకో, మధ్యలో ఫోన్ వెళ్లిందని చదివేవాడే పట్టేస్తాడు, ఆ ఫోన్ సీన్ నువ్వు రాయక్కర్లేదు.

విల్ అసలు వద్దని కాదు. డోర్ బెల్ మోగగానే "ఐ విల్ గెట్ ఇట్" అంటాం, మాట ఇచ్చేటప్పుడూ అదే. రైలు, సినిమా షో లాంటి టైమ్‌టేబుల్ వాటికి మామూలు ప్రెజెంట్ చాలు, "ది ట్రైన్ లీవ్స్ ఎట్ 7". అలాగని "ఐ ఈట్ బిర్యానీ టుమారో" అని రాసేవు! మనకి "రోజూ తింటా", "రేపు తింటా" రెండూ ఒకటే కాబట్టి చెవికి తేడా కొట్టదు, అందుకే జాగ్రత్త.

కథ పాస్ట్‌లో నడుస్తుంటే ఇంకా మజా. "షి వాజ్ గోయింగ్ టు టెల్ హిమ్" అని రాసి ఆగిపో, చెప్పలేకపోయిందేమో అని చదివేవాడికి వెంటనే అనుమానం మొదలవుతుంది. నీ క్లైమాక్స్‌లో మూడు పేరాల ఏడుపు కంటే ఇదొక్క లైన్ నయం (కోప్పడకు).

ఇంకోటి, "వెన్ హి విల్ కమ్" అని నీ నెరేషన్‌లో రెండు చోట్ల ఉంది, "వెన్ హి కమ్స్" చెయ్, టైమ్ చెప్పే 'వెన్' తర్వాత విల్ రాదు. ఆటో డ్రైవర్ "మేడమ్, వెన్ యు విల్ కమ్?" అన్నది మాత్రం ముట్టుకోకు, ఎడిటర్ దిద్దినా ఒప్పుకోకు. అతను మాట్లాడేది హైదరాబాద్ ఇంగ్లీషు, అది అలాగే ఉండాలి.

ఇట్లు,
మీ అన్న