కేళీ దుబ్బు కొందరి కళ్లకే ఎందుకు పడుతుంది?

"అలవాటయ్యే కొద్దీ మనకు నిజంగానే వేరేగా కనిపిస్తుందా, లేక కనిపించేది అందరికీ ఒకటే అయినా అర్థం చేసుకోవడంలో తేడా వస్తుందా?" అని ఒకరు అడిగారు. నా మటుకు నాకు కనిపించడమే మారుతుంది. మా కోనసీమలో విత్తన వరి వేసేవాళ్లను ఎవరినైనా అడగండి.

విత్తనం కోసం స్వర్ణ రకం వరి వేసిన మడిలో వేరే రకం మొక్కలు కలిస్తే వాటిని కేళీలంటాం. పొడుగ్గా లేచినవాటిని చిన్నపిల్లాడైనా చూపిస్తాడు. ఎత్తూ రంగూ కలిసిపోయినవాటితోనే చిక్కు. ఓ సాయంత్రం, మా చేలో ఎప్పట్నుంచో పనిచేసే ఆవిడ గట్టు మీద నిలబడి "అదిగో బాబూ" అంది. నాకు పచ్చటి చేను తప్ప ఏమీ కనబడలేదు. తను దిగి, వెన్నులు పక్కకి తప్పించుకుంటూ వెళ్లి ఓ దుబ్బు పీక్కొచ్చింది. గింజ కొసన సన్నటి మీసం. మా స్వర్ణకి అది ఉండదు. ఎలా వెతికావంటే, "ఎతకలేదండి, అదే కంట్లో పొడుచుకుంది" అంది. అదే మనిషికి సూదిలో దారం ఎక్కించడానికి చూపు ఆనదు!

1991లో ఇజ్రాయెల్‌లో కార్ని, సాగి అనే ఇద్దరు, గీతల గుంపులో వేరేగా వాలిన చిన్న గీతల్ని పట్టుకోవడం ఒక కంటితో నేర్పించారు. ఆ నేర్పు రెండో కంటికి రాలేదు. రెండు కళ్ల నుంచి వచ్చేది కలిసేది మెదడులో, తల వెనక వైపున, చూసినదాన్ని మొదట అందుకునే చోట. అంటే మార్పు ఆ కలయికకి ముందే, చూపులోనే వచ్చిందన్నమాట. మార్పు ఆలోచనలోనే జరిగితే ఏ కన్నయితేనేం? శిక్షణ పద్ధతి మారిస్తే నేర్పు చూపులో వేరే చోటుకూ పాకుతుందని 2008లో ఇంకొందరు చూపించారు, అంటే మార్పు ఆ తొలి చోటే కాక ఇంకా పైనా ఉండొచ్చని. చూపించనివ్వండి, నా మాట నాదే.

ఇక శ్రద్ధ ఎటుంటే అదే కనబడే సంగతి. అదే రోజు గట్టు మీద జారిపడ్డ నా ఫోన్‌ని ఆవిడ దాటుకుంటూ వెళ్లింది, చూడనేలేదు. కళ్లన్నీ కేళీల మీదే. 2013లో వచ్చిన ఓ పరిశోధనలో, ఊపిరితిత్తుల స్కాన్‌లో గడ్డలు వెతుకుతున్న 24 మంది రేడియాలజిస్టుల్లో 20 మందికి అందులో పెట్టిన గొరిల్లా బొమ్మ కనబడలేదు. వాళ్లలో సగానికి పైగా సరిగ్గా దాని మీదే చూపు పెట్టారు కూడా.

తనిఖీకి వచ్చినాయన మాత్రం బండి దిగకుండానే మడి బాగుందని రాసుకుపోతాడు. ఆవిడ నేర్పుని మా ఊళ్లో ఎవరూ చదువు కింద లెక్కగట్టరు. కేళీలు తీసినా కలుపు తీసినా ఒకటే కూలి. ఆవిడ రాని రోజున ఇద్దర్ని పెట్టినా మడి శుభ్రం కాదు, మర్నాడు మళ్లీ ఆవిడ ఇంటికే మనిషిని పంపాలి.