కీమో మాత్రలు మొదలయ్యాక వికారం, ఆకలి లేకపోవడం: ఏం చేయాలి?

ముందు మాత్ర వేసుకునే వేళ సరిచూడండి. కెపెసిటాబిన్ అయితే తిన్న 30 నిమిషాల్లోపు వేసుకోవాలి. టెమోజోలమైడ్‌ను ఖాళీ కడుపుతో, పడుకునే ముందు వేసుకుంటే వికారం తగ్గుతుంది. అన్ని మందులకూ ఒకే పద్ధతి ఉండదు కాబట్టి మీ మందు సంగతి డాక్టర్‌ని అడగండి.

వాంతుల మాత్ర రాసిచ్చి ఉంటే, కడుపులో తిప్పడం మొదలయ్యేదాకా ఆగొద్దు. ఒండాన్‌సెట్రాన్‌ని మామూలుగా కీమో మాత్రకు అరగంట, గంట ముందు వేసుకోమంటారు. దానివల్ల మలబద్ధకం రావచ్చు, అదీ ఆకలిని చంపేస్తుంది. చాలామంది ఇది గమనించరు. కీమో మాత్ర మింగాక వాంతయితే మాత్రం మీ అంతట మీరు ఇంకోటి వేసుకోకండి.

తిండి విషయంలో, ఆకలేసేదాకా ఎదురుచూడకుండా రెండు మూడు గంటలకోసారి నాలుగు ముద్దలు తినండి. వేడి పదార్థాల వాసన పడకపోతే చల్లారాక తినండి. నోట్లో లోహపు రుచి తగులుతుంటే స్టీలు స్పూన్ బదులు ప్లాస్టిక్‌ది వాడండి. బాగా వికారంగా ఉన్న రోజు మీకిష్టమైనది తినకపోవడమే మేలు, తర్వాత దాని మీదే విరక్తి పుడుతుంది. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని బలవంతపెడితే ఉన్న కాస్త ఆకలీ పోతుంది.

రోజంతా నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ చేరినా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.