కుక్కపిల్లను కొనే ముందు దాని తల్లిని చూడాలి

లైసెన్సు ఉన్న బ్రీడర్ల నుంచి, అంటే కుక్కలను ఈనించి పిల్లలను అమ్మేవారి నుంచి, తెప్పించిన కుక్కపిల్లలనే అమ్ముతున్నప్పుడు పెట్ షాపులను తప్పుపట్టడం ఎందుకు, కొనేవారికి అంతకన్నా భరోసా ఏముంటుంది అని మీరు అడిగారు. నాలుగేళ్ల కిందట అనంతపురంలో నేనూ ఆ భరోసానే నమ్మి, 12,000 రూపాయలు ఇచ్చి ఒక లాబ్రడార్ పిల్లను ఇంటికి తెచ్చుకున్నాను. అది మా ఇంట్లో తొమ్మిది రోజులు బతికింది. కాబట్టి నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. షాపులు కుక్కల తిండి, గొలుసులు, మందులు అమ్ముకోవచ్చు కానీ పిల్లలను అమ్మకూడదు, లైసెన్సు ఉన్నా అమ్మకూడదు.

పదో తరగతి పరీక్షలు బాగా రాస్తే కుక్కపిల్లను కొనిస్తానని మా అమ్మాయికి మాట ఇచ్చి ఉన్నాను. మే నెల మధ్యాహ్నం ఇద్దరం షాపుకు వెళ్లాము. గాజు పెట్టెలో చించి పరిచిన వార్తాపత్రికల మీద ఆరు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. షాపు యజమాని గోడకు తగిలించిన పటం వైపు చెయ్యి చూపించి, "లైసెన్సు ఉండే బ్రీడర్ కాడ నుంచే తెప్పిస్తాం సార్, ఏమీ భయం లేదు, నలభై అయిదు రోజుల పిల్ల" అన్నాడు. మొదటి టీకా వేసినట్లు ఒక కార్డు కూడా ఇచ్చాడు. దాని మీద మందు సీసా స్టిక్కరు ఉంది, ఒక గుండ్రటి ముద్ర ఉంది. వేసిన డాక్టరు పేరు గానీ, సంతకం గానీ లేవన్న సంగతి నేను ఆ రోజు గమనించలేదు.

అయిదో రోజు ఉదయం అది పాలన్నం ముట్టలేదు. సాయంత్రానికి పసుపుపచ్చని నురుగు కక్కింది. రాత్రి విరేచనంలో నెత్తురు కనిపించింది, ఆ వాసన ఇల్లంతా నిండిపోయింది. తెల్లవారగానే పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాము. ఆయన పరీక్ష చేసి పార్వో అన్నారు, అంటే కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు. ఆ తరువాత బొటనవేలితో పిల్ల పెదవిని పైకెత్తి నాకు చూపించారు. ముందు పళ్లు మాత్రం బియ్యపు నూకల్లా కనిపిస్తున్నాయి, దవడ పళ్లు ఇంకా చిగురును చీల్చుకుని రాలేదు. "దీనికి నలభై అయిదు రోజులని ఎవరు చెప్పారండీ? నెల నిండి ఉంటే గొప్ప" అన్నారు.

పార్వో వైరస్‌ను నేరుగా చంపే మందును సాధారణ వైద్యంలో వాడరు. ఒంట్లో నీరు తగ్గిపోకుండా సెలైన్ ఎక్కించడం, వాంతులు ఆపడం, పేగుల నుంచి ఇతర క్రిములు నెత్తురులోకి చేరకుండా యాంటీబయోటిక్ ఇవ్వడం, పిల్ల శరీరం తనంతట తాను పోరాడే వరకు దాన్ని నిలబెట్టడం, ఇంతవరకే వైద్యుడు చేయగలిగింది. మేము మూడు రోజులు చేశాము. దాని ముంగాలికి సూది నిలవడానికి చుట్టిన ప్లాస్టరు ఆ కాలికన్నా లావుగా ఉండేది. కిటికీ ఊచకు సెలైన్ సీసా వేలాడదీసి, రాత్రంతా మా అమ్మాయి దాని పొట్ట మీద చెయ్యి వేసుకుని నేల మీదే కూర్చుంది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున అది తల ఒక్కసారి ఎత్తి, మళ్లీ మా అమ్మాయి మోకాలి మీద పెట్టి, ఊపిరి విడిచింది.

ఆ మరుసటి రోజు నేను షాపుకు వెళ్లి డబ్బు సంగతి ఎత్తకుండా ఒకే ప్రశ్న అడిగాను: దీని తల్లి ఎక్కడ ఉంది? అతనికి తెలియదు. బెంగళూరు నుంచి రాత్రి బస్సులో బుట్టలో వచ్చాయని, పంపిన వ్యక్తి మధ్యవర్తి అని, బ్రీడరును తానెన్నడూ చూడలేదని చెప్పాడు. అతను అబద్ధం ఆడుతున్నాడని నాకు అనిపించలేదు. సగం ధరకు మరో పిల్లను ఇస్తానన్నాడు. నేను తిరిగి వచ్చేశాను. గోడ మీది కాగితానికీ ఆ పిల్ల పుట్టిన చోటుకూ ఏ సంబంధమూ లేదని నాకు ఆ రోజే అర్థమైంది.

ఆ తరువాత చట్టం చదివాను. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కుక్కల పెంపకానికీ, అమ్మకానికీ 2017లో, పెట్ షాపులకు 2018లో నియమాలు వచ్చాయి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కకు 18 నెలలు నిండకుండా ఈత కట్టించకూడదు, ఏడాదికి ఒక్క ఈతకు మించకూడదు, జీవితం మొత్తంలో అయిదు ఈతలు దాటకూడదు. ఎనిమిది వారాలంటే 56 రోజులు. మన ఊళ్లలో షాపు వారు గర్వంగా చెప్పుకునే "నలభై అయిదు రోజుల పిల్ల" అనే మాటే నియమాన్ని ఉల్లంఘించినట్లు ఒప్పుకోవడమని ఎంతమందికి తెలుసు? చిన్నగా, బొద్దుగా ఉంటేనే జనం కొంటారు కాబట్టి తల్లి దగ్గర ఉండవలసిన వయసులోనే పిల్లను లాగేస్తున్నారు. టీకాలు పొందిన తల్లి పుట్టిన వెంటనే ఇచ్చే ముర్రుపాలతో పిల్లకు కొంత రక్షణ వస్తుంది. ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కో సమయంలో తగ్గుతుంది, అది ఉన్నంతవరకు టీకా సరిగా పనిచేయదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, 16 వారాల వయసు వరకు మూడు నాలుగు వారాలకొకసారి టీకా వేయిస్తారు. నెల పిల్లకు ఒక సూది పొడిచి "టీకా అయిపోయింది" అని చెప్పేవారిని నేను క్షమించలేను. అటువంటి పిల్లలను నాలుగైదు చోట్ల నుంచి తెచ్చి ఒకే గాజు పెట్టెలో కలిపితే, ఒక్కదానికి ఉన్న జబ్బు అన్నిటికీ అంటుకుంటుంది.

ఇతర దేశాల్లో లైసెన్సు పక్కాగా అమలవుతుంది కదా అంటారు. అమెరికాలో సమాఖ్య ప్రభుత్వ లైసెన్సు పొందిన బ్రీడరు బోనులో కుక్క పొడవుకన్నా ఆరు అంగుళాలు ఎక్కువ చోటు ఉంటే నేల కొలత సరిపోయినట్లే. అది చదివిన తరువాత లైసెన్సు అనే మాట మీద నాకున్న గౌరవం పోయింది. 2019 జనవరి నుంచి కాలిఫోర్నియా రాష్ట్రంలో షాపులు బ్రీడర్ల పిల్లలను అమ్మడం మానుకోవలసి వచ్చింది. ఇంగ్లండులో 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలల లోపు పిల్లలను మధ్యవర్తులు అమ్మడానికి వీల్లేదు, పెంచినవారే తమ చోట తల్లితో పాటు చూపించి అమ్మాలి. ఆ చట్టాన్ని జనం లూసీ చట్టం అంటారు. వేల్స్‌లో పిల్లల కోసమే బంధించి ఉంచిన చోటు నుంచి 2013లో బయటపడిన ఆడకుక్క పేరు లూసీ.

షాపులు మూయిస్తే అమ్మకాలన్నీ ఫోన్లలోకి, వాట్సాప్ గుంపుల్లోకి పోతాయని, అక్కడ తనిఖీ అసలే ఉండదని వాదించేవారు ఉన్నారు. ఆ భయంలో నిజం ఉంది. అయితే తల్లిని చూపించి తీరాలన్న నియమం ఇక్కడా పెడితే అది ఫోనులో అమ్మేవాడికీ వర్తిస్తుంది. కొనేవాడు "తల్లిని చూపించు" అని అడగడానికి ఏ తనిఖీ అధికారీ అవసరం లేదు. తల్లిని చూస్తే అది బోనులో ఉందో ఆరుబయట ఉందో, పొదుగు ఎన్ని ఈతలకు వేలాడుతోందో, మనిషిని చూసి తోక ఊపుతుందో మూలకు నక్కుతుందో కళ్లకు కనబడుతుంది. మరో బాధ కూడా చెప్పాలి. మే నెలలో 42 డిగ్రీలు దాటే అనంతపురంలో మంచు ప్రాంతాల జాతి అయిన హస్కీ పిల్లలను అమ్మేవారిని, కొనేవారిని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. పెట్టె ముందు నిలబడి ముచ్చటపడే రెండు నిమిషాల్లో ఎవరూ ఎండ గురించి ఆలోచించరు. షాపు వ్యాపారమంతా ఆ రెండు నిమిషాల మీదే నడుస్తుంది.

పిల్ల పోయాక ఇల్లంతా బ్లీచింగ్‌తో కడిగి, ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుందని డాక్టరు చెప్పినందువల్ల ఏడాది పాటు మరో కుక్కను తేలేదు. ఆ తరువాత కళ్యాణదుర్గం దారిలో ఒక గొర్రెల కాపరి మంద దగ్గర ఈనిన కుక్క ఉందని తెలిసి వెళ్లాము. తల్లి వచ్చి మా అమ్మాయి చెయ్యి వాసన చూసి, మళ్లీ పిల్లల దగ్గర పడుకుంది. గోధుమరంగు పిల్ల ఒకటి మాకు నచ్చింది. ఎంత ఇమ్మంటావని అడిగితే ఆ పెద్దాయన డబ్బు మాట పక్కన పెట్టి, "ఇంగా పాలు తాగుతాంది సార్. తల్లి ఇడిసిపెట్టినాక రాండి, ఇస్తా" అన్నాడు. ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. "ఈ అమావాస్య పోనీండి" అన్నాడు. మేము అమావాస్య పోయిన రెండో రోజు వెళ్లి తెచ్చుకున్నాము.