మలావీ వెళ్లే ముందు, మావయ్య మాట కూడా విను

చిట్టీ,

ట్రామా కేర్, అదే యాక్సిడెంటు దెబ్బల వైద్యం, నేర్పడానికి ఆఫ్రికాలోని మలావీ వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. తన టెన్షన్ నీ తిండి గురించి, నాదేమో అక్కడికెళ్లి పొద్దస్తమానం నువ్వే ఆపరేషన్లు చేసేస్తావేమోనని. నువ్వు చేసిన కేసులు నువ్వు ఫ్లైట్ ఎక్కడంతోనే సరి. అందుకని బ్లేడు వాళ్ల చేతికిచ్చి నువ్వు ఎదురుగా అసిస్టెంటుగా నిలబడు, పేషెంటుకు ప్రమాదం లేనంతవరకూ చెయ్యి పెట్టకు.

నేర్పేది ఎవరికో ముందు చూసుకో. అక్కడి జిల్లా ఆసుపత్రుల్లో ఎముకల పని చాలావరకు చేసేది మనలాంటి ఎం.ఎస్. ఆర్థోలు కాదు, ఆర్థోపెడిక్ క్లినికల్ ఆఫీసర్లు. 1985 నుంచీ వాళ్లకు అక్కడే ట్రైనింగ్ ఇస్తున్నారు. ఎంబీబీఎస్ లేదు కదా అని తీసిపారేశావంటే, పిండికట్టు వేయడంలో వాళ్లే నీకు పాఠం చెప్తారు! ప్రైమరీ ట్రామా కేర్ కోర్సు పద్ధతి నాకు నచ్చింది అందుకే: రెండు రోజులు పాఠాలు, ఇంకో రోజు వాళ్లలోంచే నేర్పేవాళ్లను తయారుచేయడం, ఆ తర్వాతి కోర్సు వాళ్లే నడుపుతుంటే మనం వెనక బెంచీలో కూర్చోవడం.

తొడ ఎముక విరిగితే మనం సీ-ఆర్మ్‌లో, అంటే ఆపరేషన్ మధ్యలోనే ఎక్స్‌రే చూపించే మెషిన్‌లో, చూసుకుంటూ ఎముక లోపల రాడ్డు వేస్తాం. ఆ మెషిన్ లేనిచోట వారాల తరబడి కాలికి బరువు కట్టి పడుకోబెట్టాలి, సంపాదించేవాడే మంచాన పడితే ఆ ఇంటి గతేంటి? సైన్ నెయిల్ అనే రాడ్డు ఇలాంటి చోట్ల కోసమే చేశారు. బయట ఒక ఆర్మ్ తగిలించి, స్లాట్ ఫైండర్ అనే పనిముట్టుతో రాడ్డులోని కన్నాన్ని తడిమి పట్టుకుని స్క్రూ బిగిస్తారు. ఆ పట్టు వేళ్లకు రావాలి, వెళ్లేలోపు నువ్వూ ప్రాక్టీసు చెయ్యి.

వీటన్నిటికంటే ముందు క్యాజువాలిటీలో రక్తం కారడం తగ్గించే మందు ట్రానెక్సామిక్ యాసిడ్ ఉందో లేదో చూడు. రక్తం పోతున్నవాడికి దెబ్బ తగిలిన 3 గంటల్లోపు పడాలి, దాటితే మేలు కంటే కీడే ఎక్కువ. రణస్థలం దగ్గర హైవే మీద గుద్దుకున్నవాణ్ని వైజాగ్ తీసుకెళ్లిపోండని స్లిప్పు రాసి పంపేస్తుంటాం కదా, అందులో దెబ్బ తగిలిన టైము రాసేవాళ్లెంతమంది? అక్కడ మన 108 లాంటి ఏర్పాటు అన్నిచోట్లా ఉండదు, చాలామందిని మినీబస్సుల్లోనో పికప్ వెనకాలో తెస్తారు. అందుకే బీపీ చూస్తూనే "ఎన్నింటికి తగిలింది?" అని తెచ్చినవాళ్లను అడగడం నర్సులకు అలవాటు చెయ్యి. "ఏటి మావయ్యా, ఇంత చిన్నదా" అంటావని తెలుసు.

అక్కడి మెడికల్ కౌన్సిల్ తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేతికొచ్చాకే టికెట్ బుక్ చేసుకో. వాళ్లడగని పాత సామాన్లు మోసుకెళ్లకు, పాడైతే బాగుచేసే మనిషి దొరకడు. స్లైడ్లు వాట్సాప్‌లో పెట్టు, సగం తీసేసి పంపిస్తాను.

మావయ్య,
శ్రీకాకుళం