మెషిన్ పట్టిన చెయ్యి ఎవరిది?
స్కిన్, లేజర్ క్లినిక్‌ల బీమా, అనుమతులు: పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా స్కిన్, హెయిర్ క్లినిక్‌ల గురించే. 'మెడికల్ స్పా' అని బోర్డు పెట్టుకున్నా మన చట్టాల్లో ఆ పేరుతో విడిగా లైసెన్సేమీ లేదు. అక్కడ సూది గుచ్చుతున్నారంటే అది క్లినిక్కే. క్లినిక్‌కు ఉండాల్సిన అనుమతులన్నీ దానికీ ఉండాలి.

ప్రశ్న: నేను ఎండీ డెర్మటాలజీ చేశాను. కూకట్‌పల్లిలో సొంత క్లినిక్ ఉంది. 40 లక్షల ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ (చికిత్సలో పొరపాటుకు పరిహారం కట్టాల్సివస్తే ఆదుకునే బీమా) తీసుకున్నాను. ముడతలకు బోటాక్స్, ముఖంలో పల్లాలు నింపే ఫిల్లర్లు, లేజర్‌తో పాటు కొత్తగా హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ కూడా మొదలుపెట్టాను. పోయినేడు రెన్యువల్ రెండు నెలలు ఆలస్యమైంది. ఏమైనా ఇబ్బందా?
– ఒక డాక్టర్, హైదరాబాద్

జవాబు: ఇబ్బందే, అదీ ఒకటి కాదు. ముందు పాలసీలో 'ఎక్స్‌క్లూజన్స్' ఉన్న పేజీ తీసి చదవండి. డాక్టర్లకు అమ్మే పాలసీల్లో చాలావాటిలో అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీ, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్, పంచ్ గ్రాఫ్టింగ్ (చిన్న చర్మపు ముక్కలు నాటడం), బరువు తగ్గడానికి ఇచ్చే మందులు వర్తించవని అక్కడే రాసి ఉంటుంది. మీ ఆదాయం ఎక్కువగా దేని మీద వస్తోందో సరిగ్గా దానికే రక్షణ లేకుండా ప్రీమియం కడుతున్నారేమో చూసుకోండి. మీరు చేసే ప్రొసీజర్లన్నీ పేరుపేరునా ఒక కాగితం మీద రాసి కంపెనీకి ఇవ్వండి. వర్తిస్తాయని ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే పత్రం) రూపంలో రాయించుకోండి. ఏజెంట్ 'అన్నీ కవరవుతాయి సార్' అన్న మాట వినియోగదారుల కమిషన్ ముందు నిలబడదు.

రెన్యువల్ సంగతి ఇంకా ముఖ్యం. ఈ పాలసీలు 'క్లెయిమ్స్ మేడ్' పద్ధతిలో నడుస్తాయి. చికిత్స జరిగిన రోజు పాలసీ ఉంటే చాలదు, పేషెంటు నుంచి పరిహారం నోటీసు వచ్చిన రోజూ ఉండాలి. చికిత్స తేదీ పాలసీలోని 'రెట్రోయాక్టివ్ డేట్' (ఏ రోజు నుంచి చేసిన చికిత్సలకు పాలసీ వర్తిస్తుందో ఆ తేదీ) తర్వాతదై ఉండాలి. 2024 ఆగస్టులో ఫిల్లర్ వేశారనుకోండి. 2025 ఏప్రిల్‌లో పాలసీ లాప్స్ అయింది, జూన్‌లో కొత్తది తీసుకున్నారు. రెట్రోయాక్టివ్ డేట్ జూన్ 2025 అని పడింది. నవంబర్‌లో నోటీసు వస్తే పాత పాలసీ పలకదు, కొత్తదీ పలకదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి పేషెంటుకు రెండేళ్ల గడువు ఉంది కాబట్టి, నోటీసు చికిత్స చేసిన ఏడాదే వస్తుందని అనుకోవద్దు. ఇవాళే మీ పాలసీ షెడ్యూల్‌లో ఆ తేదీ చూడండి. మారిపోయి ఉంటే పాత తేదీ కొనసాగించమని కంపెనీని లిఖితంగా అడగండి. అందుకు క్లెయిములేవీ లేవని వాళ్లు మీ దగ్గర డిక్లరేషన్ అడగవచ్చు. తెలిసిన గొడవను దాచి మాత్రం సంతకం పెట్టకండి.

మరో మెలిక: 40 లక్షల పాలసీలో 1:4 నిష్పత్తి ఉంటే ఒక్క కేసుకు మొత్తంలో నాలుగో వంతు, అంటే 10 లక్షలే ఇస్తారు. సాధారణంగా లాయరు ఖర్చులూ అందులోంచే పోతాయి. ప్రీమియం కాస్త పెరిగినా, ఒక్క కేసుకే మొత్తం సొమ్ము అందే 1:1 తీసుకోండన్నదే మా సలహా.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, లేజర్ మెషిన్ ఎవరు నడుపుతున్నారు? బీమా కంపెనీ లెక్కలో అర్హత ఉన్న సహాయకులు ఒక కోవ, అర్హత లేనివాళ్లు మరో కోవ. రెండో కోవకు విడిగా అదనపు ప్రీమియం కట్టాలి. కట్టినా చట్టాన్ని ఉల్లంఘించి చేసిన పని పాలసీ పరిధిలోకి రాదు. ఇంజెక్షన్ టెక్నీషియన్ చేత ఇప్పిస్తే మీరు కట్టిన ప్రీమియం వృథా. నోటీసు మీ పేరు మీదే కాదు, క్లినిక్ పేరు మీదా వస్తుంది కాబట్టి సంస్థకు విడిగా 'ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్' (సంస్థ వైపు పొరపాట్లకు వర్తించే) పాలసీ అవసరం. తడి నేల మీద జారిపడినవాళ్ల సంగతి పబ్లిక్ లయబిలిటీ పాలసీ చూసుకుంటుంది, ఇండెమ్నిటీ కాదు.

రికార్డు ఎలా ఉండాలో ఒక ఉదాహరణ. 100 యూనిట్ల బోటాక్స్ వయల్‌లో (మందు సీసాలో) 2.5 ఎంఎల్ సెలైన్ కలిపితే 0.1 ఎంఎల్‌లో 4 యూనిట్లు వస్తాయి. ఎంత కలిపారు, ఏ టైముకు కలిపారు, ఏ పాయింట్‌లో ఎన్ని యూనిట్లు వేశారు, బ్యాచ్ నంబర్ ఏమిటి, ఎక్స్‌పైరీ ఎప్పుడు – ఇవన్నీ ఆ పేషెంటు షీటు మీదే ఉండాలి. వయల్ స్టిక్కర్ అతికిస్తే ఇంకా మంచిది. ఫిల్లర్లు వేసే గదిలో హైలురోనిడేజ్ (హైలురోనిక్ ఆసిడ్ ఫిల్లర్‌ను కరిగించే మందు) చేతికందేలా ఉండాలి. రక్తనాళం మూసుకుపోయి చర్మం తెల్లబడుతుంటే అప్పుడు మెడికల్ షాపుకు పరిగెత్తే వ్యవధి ఉండదు.

ప్రశ్న: విజయవాడలో పదేళ్లుగా బ్యూటీపార్లర్ నడుపుతున్నాను. కాస్మెటాలజీ డిప్లొమా ఉంది. వెంట్రుకలు తీసే డయోడ్ లేజర్ కొని, రంగు తేలడానికి ఎక్కించే గ్లూటాథయోన్ డ్రిప్ కూడా పెడదామనుకుంటున్నాను. ఒక డాక్టర్ గారు నెలకు ఒకసారి వచ్చి, తన పేరు బోర్డు మీద పెట్టుకోమన్నారు. సరిపోతుందా?

జవాబు: సరిపోదు, అమ్మా. డిప్లొమాతో ఫేషియల్ చేయవచ్చు, సెలైన్ ఎక్కించకూడదు. రిజిస్టర్ కాని వ్యక్తి వైద్యం చేస్తే నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం–2019, సెక్షన్ 34 కింద ఏడాది వరకు జైలు లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పేరు అద్దెకిచ్చిన డాక్టర్‌నూ మెడికల్ కౌన్సిల్ వదిలిపెట్టదు. దీనికి ఏ బీమా కంపెనీ కూడా మీకు అండగా రాదు.

నిజంగా పెట్టాలనుకుంటే దారి ఇది. డాక్టర్ పార్ట్‌నర్‌గానో, ఉద్యోగిగానో చికిత్స జరిగే వేళల్లో అక్కడే ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేట్ వైద్య సంస్థల చట్టం కింద జిల్లా వైద్యారోగ్య అధికారి (డీఎంహెచ్‌వో) దగ్గర రిజిస్ట్రేషన్, తెలంగాణలో అయితే క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద. కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్, వైద్య వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం వీటికి తోడు. పార్లర్‌కూ క్లినిక్‌కూ గది, బిల్లుబుక్కు, రిజిస్టరు వేరువేరుగా ఉంచండి. అందం కోసం చేసే సర్జరీకీ హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కూ వైద్యసేవల జీఎస్టీ మినహాయింపు లేదు, అదీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: వరంగల్‌లో ఒక క్లినిక్‌లో గడ్డం మీద లేజర్ చేయించుకున్నాను. మూడో సిట్టింగ్ తర్వాత గీతల్లా కాలి నల్లమచ్చలు పడ్డాయి. అడిగితే 'మీరు సంతకం పెట్టారు కదా' అంటున్నారు.

జవాబు: ఆ సంతకం నిర్లక్ష్యానికి అనుమతి కాదు. ఏం చేస్తారో, ఏం నష్టం జరగవచ్చో, వేరే దారులేమున్నాయో చెప్పాకే సమ్మతికి విలువ ఉంటుందని సుప్రీంకోర్టు 2008లోనే సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది.

మన చామనఛాయ చర్మంలో మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) ఎక్కువ, లేజర్ వెంట్రుకను వెతికే బదులు చర్మాన్నే కాల్చే ప్రమాదం ఉంది. అందుకే శక్తి తగ్గించి, ఒక్కో లేజర్ మెరుపు వ్యవధి (పల్స్) పెంచి, చల్లబరుస్తూ, ముందు ఒక చిన్నచోట పరీక్షించి చూడాలి. ఎండకు చర్మం నల్లబడి ఉంటే అది తగ్గేదాకా వాయిదా వెయ్యాలి.

ఇప్పుడు చేయాల్సింది: పగటి వెలుతురులో తేదీ కనబడేలా ఫొటోలు తీయండి. వేరే డెర్మటాలజిస్టుకు చూపించి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. మీ రికార్డులు ఇమ్మని క్లినిక్‌కు రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళి. ఆ షీటులో లేజర్ తరంగదైర్ఘ్యం, జూల్స్ (శక్తి), మిల్లీసెకన్లు (మెరుపు వ్యవధి), మెషిన్ నడిపిన వ్యక్తి పేరు ఉన్నాయేమో చూడండి. ఆ గళ్లు ఖాళీగా ఉంటే మీ కేసుకు బలం. మీరు కట్టింది 5 లక్షల లోపే అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. అర్హత లేని వ్యక్తి చేశాడని తేలితే మెడికల్ కౌన్సిల్‌కూ రాయండి.

ప్రశ్న: మా క్లినిక్‌లో సూదులు, వయల్స్ మామూలు చెత్తబుట్టలో వేస్తున్నారు. పడకలు లేని క్లినిక్‌కు నియమాలు ఉండవంటున్నారు.
– ఒక నర్సు, కాకినాడ

జవాబు: ఉంటాయి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు మీకూ వర్తిస్తాయి. పడకల్లేని క్లినిక్‌కు కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్ ఒకసారి తీసుకుంటే చాలు, అంతే తేడా. సూదులు తెల్లని, గుచ్చుకోని డబ్బాలో; సూది తీసిన సిరంజి, గ్లోవ్స్ ఎరుపు సంచిలో; గాజు వయల్స్ నీలి గుర్తు డబ్బాలో; రక్తం అంటిన దూది, గాజుగుడ్డ పసుపు సంచిలో. రక్తం అంటిన వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు. జూన్ 30 లోపు ఏటా మండలికి నివేదిక పంపాలి. మున్సిపాలిటీ చెత్తబండి వాడి చేతికి ఆ సూది గుచ్చుకునే లోపు మీ డాక్టర్‌కు ఈ మాట చెప్పండి.