ఎమ్మారై నార్మల్ అన్నా తుంటి నొప్పి తగ్గకపోతే

తమ్ముడూ, బాసింపట్టు వేసుకుంటే గజ్జల్లో పోటు వస్తోందని, ఎక్స్‌రే, ఎమ్మారై రెండూ నార్మల్ అన్నారని రాశావు. టెన్షన్ పడకు. విజయనగరంలో నాకూ మొదట ఇలాగే చెప్పారు.

తొడ ఎముక బంతి, మెడ కలిసే చోట బుడిపె ఉంటే, కాలు మడిచినప్పుడల్లా అది తుంటి కీలు గిన్నె అంచున ఉండే మృదులాస్థి పట్టీని, అంటే లాబ్రమ్‌ని నొక్కుతుంది. పోనుపోను చీలుస్తుంది. మామూలు ఎక్స్‌రేలో ఆ బుడిపె దాగిపోవచ్చు. తుంటిని 45 డిగ్రీలు మడిచి తీసే డన్ వ్యూ అనే ఎక్స్‌రే అడుగు. అందులో కొలిచే ఆల్ఫా కోణం (బంతి, మెడ కలిసే చోటు ఎంత ఉబ్బిందో చెప్పే కొలత) సుమారు 55 డిగ్రీలు దాటితే బుడిపె ఉందని అనుమానించాలి.

చీలిక తెలియాలంటే నడుము కింద భాగమంతా కలిపి తీసిన ఎమ్మారై చాలదు. నొప్పి ఉన్న తుంటి ఒక్కదానికే 3 టెస్లా (అయస్కాంత శక్తి ఎక్కువున్న) మిషన్‌లో తీయించు, లేదా కీలులోకి గాడోలినియం మందు ఎక్కించి తీసే ఎమ్మార్ ఆర్థ్రోగ్రామ్ చేయించు. అందుకు విశాఖ వెళ్లాల్సి రావచ్చు.

నొప్పి లేనివాళ్లలోనూ ఈ చీలికలు కనిపిస్తాయి. ఫిల్మ్ ఒక్కటే చూసి ఆపరేషన్‌కి ఒప్పుకోకు. డాక్టర్ నీ కాలు మడిచి, లోపలికి తిప్పి కూడా చూడాలి.