బ్యాలే డాన్సర్లు నలభై లోపే స్టేజీ వదిలి టీచర్లు ఎందుకవుతారు?

ఆ నృత్యం అడిగే ఎగురుళ్లు, మునివేళ్ల మీద నిలబడటం ఆ వయసు దాటాక చాలామంది కీళ్లు తట్టుకోలేవు కాబట్టి, అంతేగానీ విద్య తగ్గిపోయి కాదు. తుంటి దగ్గర నుంచి కాళ్లు బయటికి తిప్పి, ఎగిరిన ప్రతిసారీ ఒంటి బరువంతా చీలమండల మీదే దించుతూ ఏళ్ల తరబడి రోజూ సాధన చేస్తే అరుగుదల తప్పదు. పారిస్ ఆపెరా బ్యాలే బృందంలో అయితే రిటైర్మెంట్ వయసే 42.

రష్యన్ బ్యాలే డాన్సర్ అగ్రిప్పినా వాగనోవానే చూడండి. 1897లో బ్యాలే బృందంలో చేరితే బాలెరీనా (ప్రధాన నర్తకి) హోదా వచ్చింది 1915లో, మరుసటి ఏడాదే స్టేజీ వదిలేసింది. అసలు పేరు వచ్చింది పాఠాలు చెప్పాకే! ప్రసిద్ధ బ్యాలే నర్తకి గలీనా ఉలనోవా ఆమె శిష్యురాలే, 1934లో రాసిన పాఠ్యపుస్తకం ఇప్పటికీ వాడుతున్నారు, సెయింట్ పీటర్స్‌బర్గ్ బ్యాలే అకాడమీకి ఆమె పేరే పెట్టారు.

బెంగళూరులో పిల్లల్ని బ్యాలేకి పంపే మన తెలుగువాళ్లలో కొందరు "స్టేజీ మీద రాణించలేకే పాఠాలు చెప్పుకుంటున్నారేమో" అనుకుంటారు. కూచిపూడి, భరతనాట్యం గురువులు అరవై దాటినా అభినయంతో సభను కట్టిపడేస్తారు కదా, ఆ లెక్కే దీనికీ వేస్తాం, అది సరికాదు. టీచర్ ఎంత ఎత్తు ఎగురుతారని కాదు, పాప మోకాళ్లు వంచినప్పుడు అవి కాలివేళ్ల వైపే వస్తున్నాయా, లోపలికి వాలుతున్నాయా అని వంగి చూసి సరిచేస్తున్నారా లేదా చూడండి. ఏడెనిమిదేళ్ల పిల్లకే మునివేళ్ల బూట్లు తొడిగిస్తామంటే మాత్రం వద్దనండి, పాదాల ఎముకలు ఇంకా గట్టిపడవు, సాధారణంగా పదకొండు, పన్నెండేళ్లొచ్చి కాళ్లకు బలం వచ్చాకే అవి మొదలుపెడతారు.